స్లోలో నిలవని బండి

మా ఇంటి గేటు తీయగానే ఎడమ పక్కన పద్మిని ఉంటుంది. పేరు విని ఎవరో అనుకునేరు, కారు. ప్రీమియర్ పద్మిని, 1984 మోడల్, పాలమీగడ రంగు. మామయ్యగారు ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాప్‌లో పనిచేసేటప్పుడు, 1991లో క్యాంపస్‌లోనే ఒక ప్రొఫెసర్‌గారి దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చింది కూడా ఆ కార్లోనే. వెనక సీట్లో నా పక్కన సారె బుట్టలు, ఒళ్ళో కొబ్బరి బోండాం. మల్కాజ్‌గిరి రైల్వే గేటు పడితే అరగంట అందులోనే కూర్చున్నాం.

ఈ కాలం పిల్లలకి పద్మిని అంటే తెలియదు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు ఇటలీ ఫియట్ 1100ని మన దేశంలో తయారుచేసేవారు. 1974 నుంచి దానికి చిత్తోడు రాణి పద్మిని పేరు పెట్టారు. 2000 ప్రాంతంలో తయారీ ఆగిపోయింది. ముంబైలో నల్లా పసుపూ టాక్సీలన్నీ ఒకప్పుడు ఇవే. చివరి పద్మిని టాక్సీకి కూడా గడువు తీరి 2023 అక్టోబరులో సెలవిచ్చేశారు. నా బీఏ తెలుగు పుణ్యమా అని నాకు ఆ పేరు వినగానే రాణిగారు కాదు, కావ్యాల్లోని స్త్రీ జాతులు గుర్తొస్తాయి. పద్మిని, చిత్తిని, శంఖిని, హస్తిని. వాటిలో పద్మిని మెత్తని మాట, నిదానమైన నడక ఉన్నది. మా పద్మినికి పోయిన ఏడాది మాఘమాసంలో ఆ రెండూ పోయాయి.

రోడ్డు మీద పోతున్నంతసేపూ బాగానే ఉండేది. ఎక్కడైనా ఆగితే చాలు, ఇంజను ఊగిసలాడేది. ఉన్నట్టుండి హూంకరించి, అంతలోనే నీరసించి, ఆగిపోతుందేమో అనుకునేలోపు మళ్ళీ పుంజుకుని, చివరికి ఏదో ఒక ఊపులో ఆగిపోయేది. ఒకరోజు మావారు మామయ్యగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళుతుంటే లాలాపేట వంతెన దిగిన దగ్గర్నుంచి తార్నాక చౌరస్తాలోపు మూడుసార్లు ఆగింది. వెనక బస్సువాడు హారన్ మీద చెయ్యి తీయలేదట. ఎవరో ఆటో అతను తల బయటపెట్టి "మ్యూజియంలో పెట్టుండ్రి సార్" అన్నాడట. ఇంటికొచ్చి మావారు ఒకటే మాట అన్నారు. "ఈ నెలాఖరుకి దీన్ని తుక్కు కింద ఇచ్చేద్దాం."

మామయ్యగారు ఏమీ అనలేదు. ఆ రాత్రి మజ్జిగన్నం తినకుండా లేచిపోయారు.

ఇక్కడ నా సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆ మాట వినగానే నాకు లోపల సంతోషమే వేసింది. కారు పోతే ఆ జాగాలో ఒక గది వేసి అద్దెకివ్వొచ్చు. నెలకి ఎనిమిదివేలన్నా వస్తాయి. మా అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు తలుచుకుంటే నాకు నిద్రపట్టని రోజులవి. కారు చుట్టూ ఊడవలేక, కవరు కింద దూరే పిల్లుల్ని తోలలేక నేను పడే తిప్పలు సరేసరి. అందుకని మావారితో "అవునండీ, ఎందుకిక" అని నేనూ ఓ మాట వేశాను. మామయ్యగారు పక్కగదిలోనే ఉన్నారని నాకు తెలుసు.

ముందు మావారి ఆఫీసులో ఎవరో చెప్పిన మెకానిక్ వచ్చాడు. పది నిమిషాలు చూసి, ఏదో స్క్రూ తిప్పి స్లో స్పీడ్ పెంచేశాడు. పనిలో పనిగా కనిపించిన బోల్టులన్నీ బిగించాడు. పద్దెనిమిది వందలు తీసుకున్నాడు. బండి ఆగడం లేదుగానీ, ఆగివున్నప్పుడు కూడా పరిగెడుతున్నట్టు అరుస్తూ, ఆ అరుపులోనే ఊగుతూ ఉండేది. వారం తిరక్కుండా మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి "కార్బరేటర్ పోయింది మేడమ్, కొత్తది దొరకదు, దొరికినా పన్నెండు వేలు" అని వెళ్ళిపోయాడు. మావారు తుక్కువాడి నంబరు సంపాదించారు.

ఆ మర్నాడు మధ్యాహ్నం అంట్లు సర్దుతుంటే మామయ్యగారు వంటింటి గుమ్మం దాకా వచ్చారు. "అమ్మాయ్, నీకు కాస్త తీరికుందా?" అన్నారు. ఇరవై రెండేళ్ళలో ఆయన నన్ను మంచినీళ్ళు, పేపరు తప్ప ఏమీ అడగలేదు. పరుషంగా ఒక మాట అన్నదీ లేదు, దగ్గరగా ఒక మాట మాట్లాడిందీ లేదు. రెండేళ్ళుగా ఆయనకి చేతులు వణుకుతున్నాయి. కాఫీ సగం గ్లాసే పోసిస్తాను. గడ్డం గీసుకోవడం మానేసి వారానికోసారి మంగలి దగ్గరికి వెళుతున్నారు.

"బండికి ఏమయిందో నాకు కొంత తెలుసమ్మా. నా చెయ్యి ఆడదు. నీ చెయ్యి కావాలి" అన్నారు.

కొడుకుని అడగొచ్చుగా అనబోయి ఆగాను. కొంగు బొడ్లో దోపుకుని, గాజులు తీసి కిటికీలో పెట్టి వెళ్ళాను.

మొదటిరోజు నా చేత ఏ స్క్రూ ముట్టనివ్వలేదు. బండి స్టార్ట్ చేసి కుర్చీలో కూర్చుని "విను" అన్నారంతే. ఐదు నిమిషాలయ్యాక "ఏం వినపడింది?" అన్నారు.

"ఉయ్యాల ఊగుతున్నట్టుందండీ" అన్నాను.

"ఒకే తూకంలో ఊగుతోందా, మధ్యలో ఎక్కడైనా తడబడుతోందా?"

ఇది నాకు తెలిసిన ప్రశ్నే అనిపించింది. ఛందస్సు క్లాసులో పద్యం చదువుతూ ఎక్కడ గణం ఎగిరిపోయిందో చెవితో పట్టుకోమనేవారు మా మేడమ్. మళ్ళీ విన్నాను. గణాలన్నీ ఉన్నాయి. నడకే పెరుగుతూ తగ్గుతూ ఉంది. ఆ మాటే చెప్పాను. ఆయన తలూపారు. "మిస్సింగ్ కొడితే ముందు కరెంటు వైపు చూడాలి, ప్లగ్గులు, పాయింట్లు. ఇలా ఊగితే ముందు గాలీ పెట్రోలు చూడాలి. అయినా దేన్నీ నమ్మకు. ఒక్కొక్కటీ చూసి కొట్టేసుకుంటూ పోదాం."

ఆ తర్వాత ఆయన చెప్పిన పాఠం నాకు పొయ్యి మీద అర్థమైంది. ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు పదిహేను గ్రాముల గాలి కావాలట. మన గ్యాస్ పొయ్యికి గాలి తక్కువైతే మంట పసుపుపచ్చగా వచ్చి గిన్నెకి మసి పడుతుంది. ఎక్కువైతే మంట బర్నర్ మీంచి లేచి టపటపలాడుతుంది. ఇంజనుదీ అదే బాధ. స్లోలో నిమిషానికి ఎనిమిది వందల చుట్లు తిరుగుతుందనుకుంటే నాలుగు సిలిండర్లకీ కలిపి నిమిషానికి పదహారు వందల నిప్పురవ్వలు. నేను రోజుకి నాలుగుసార్లు పొయ్యి వెలిగించి అలిసిపోతున్నానే అనుకున్నాను.

ఆయన పెట్టిన నియమాలు రెండే. ఖర్చు లేనివి ముందు, విప్పాల్సినవి చివర. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది రాసుకోవాలి. పాల లెక్క పుస్తకం వెనక పేజీల్లో రాశాను. ఇప్పటికీ ఉంది. ఒక పక్క "అర లీటరు నాగా", తిప్పితే "ప్లగ్గులు తీశాం".

ప్లగ్గులు నాలుగూ విప్పి, పాత పేపరు మీద సుద్దముక్కతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గీసి వరసలో పెట్టాను. మంచి ప్లగ్గు కొస ఇటుకపొడి రంగులో ఉండాలట. పెట్రోలు ఎక్కువైతే మసి. మావి నాలుగూ విభూది పెట్టుకున్నట్టు తెల్లగా ఉన్నాయి. అంటే పెట్రోలు చాలడం లేదు, లేదా గాలి ఎక్కువైంది. పాయింట్ల మధ్య సందు అర మిల్లీమీటరు లోపు ఉండాలని ఒక సన్నని రేకు ఇచ్చి కొలిపించారు. సరిగ్గానే ఉంది. కొట్టేశాం.

మూడోరోజు చోక్. బండి వేడెక్కాక చోక్ నాబ్ కొద్దిగా, అంగుళం కూడా లేదు, బయటికి లాగమన్నారు. లాగాను. ఏడుస్తున్న పిల్లాడి నోట్లో పాలపీక పెట్టినట్టు బండి నిమ్మళించింది. లోపలికి నొక్కితే మళ్ళీ ఊగుడు. చోక్ లాగితే గాలి తగ్గుతుంది, పెట్రోలు పెరుగుతుంది. అప్పుడు కుదురుకుందంటే ప్లగ్గులు చెప్పింది నిజమే. ఇక తేల్చాల్సింది ఒక్కటే. పెట్రోలు తక్కువ వస్తోందా, ఎక్కణ్ణుంచైనా దొంగగాలి వస్తోందా?

పెట్రోలు వైపు రెండు రోజులు పట్టింది. కార్బరేటర్‌లో స్లో కోసం ఒక చిన్న ఇత్తడి జెట్ ఉంటుంది. దాని బెజ్జం సూది కన్నంకంటే సన్నం. నెలల తరబడి కదలని బండిలో పెట్రోలు ఎండి బంకలా పట్టేస్తుంది. పైగా ఇప్పుడు వచ్చే పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు కదా. ఆ కాలం రబ్బరు గొట్టాలకి అది పడదట. ఉబ్బడమో బీటలు తీయడమో అవుతుందట. ఇథనాల్‌కి పెట్రోలంత గాలి కూడా అక్కర్లేదు కాబట్టి, పాత కార్బరేటర్‌కి ఆ మిశ్రమం కాస్త పలచనే అవుతుంది. జెట్ విప్పి ఆకాశం వైపు పెట్టి చూశాను. కన్నంలోంచి వెలుగు కనపడింది. అయినా సైకిల్ పంపుతో గాలి కొట్టించారు. పిన్నీసు పెట్టబోతే "వద్దమ్మా, కన్నం పెద్దదైతే ఇక ఎప్పటికీ కుదరదు" అని అడ్డుపడ్డారు. రాణిగంజ్ వెళ్ళి కొత్త పెట్రోలు గొట్టం, ప్యాకింగ్ షీటు తెచ్చాను. గొట్టం మార్చాం. బండి అలాగే ఊగింది. పుస్తకంలో ఇంకో గీత.

ఇక దొంగగాలి. దాన్ని పట్టడానికి మెకానిక్‌లు ఏవేవో స్ప్రేలు కొడతారటగానీ, వేడి ఇంజను మీద అంటుకునేవి ఇంట్లో వద్దన్నారు మామయ్యగారు. "ఇస్త్రీకి నీళ్ళు చల్లే సీసా తీసుకురా" అన్నారు. ఫ్యానుకి చెయ్యి దూరంగా, కరెంటు వైర్లున్న వైపు నీళ్ళు పడకుండా, ఒక్కొక్క అతుకు మీద కొద్దికొద్దిగా చల్లుకుంటూ వచ్చాను. మానిఫోల్డ్ ఒక చివర, రెండో చివర. ఏమీ లేదు. కార్బరేటర్ అడుగున, అది ఇంజను మీద కూర్చునేచోట, వెనక వైపు చల్లాను. ఇంజను ఒక్కసారి గుటక వేసినట్టయి, నాలుగైదు సెకన్లు నిలకడగా తిరిగింది. నీళ్ళు లోపలికి పోగానే మళ్ళీ ఊగడం మొదలెట్టింది.

నేను అరిచినంత పని చేశాను. ఆయన మాత్రం "మళ్ళీ చెయ్యి" అన్నారు. మళ్ళీ అంతే. "ఇంకోసారి." మూడోసారీ అంతే అయ్యాక నవ్వారు. అత్తయ్యగారు పోయాక ఆయన నవ్వడం నేను చూడలేదు.

ఎందుకు ఊగుతుందో అప్పుడు విడమరిచి చెప్పారు. స్లోలో లోపలికి గాలి వెళ్ళే తలుపు దాదాపు మూసే ఉంటుంది. ఇంజను గట్టిగా పీలుస్తుంటుంది. ఆ పీల్పుకి అడుగున ఉన్న సందులోంచి లెక్కలో లేని గాలి దూరుతుంది. మిశ్రమం పలచబడి ఇంజను నీరసిస్తుంది. నీరసించగానే పీల్పు తగ్గుతుంది, దొంగగాలీ తగ్గుతుంది, మిశ్రమం చిక్కబడి ఇంజను పుంజుకుంటుంది. పుంజుకోగానే మళ్ళీ పీల్పు, మళ్ళీ దొంగగాలి. రోడ్డు మీద పోయేటప్పుడు తలుపు బార్లా తీసి ఉంటుంది కాబట్టి ఈ కాస్త గాలి లెక్కలోకి రాదు. అందుకే పరిగెత్తేటప్పుడు లేని జబ్బు ఆగినప్పుడే బయటపడేది.

మర్నాడు బ్యాటరీ తీగ ఊడదీసి, కార్బరేటర్ విప్పాం. ప్యాకింగ్ అప్పడంలా ఎండిపోయి ఒక చోట చిట్లి ఉంది. అంతకంటే పెద్ద సంగతి, దాని మీద కూర్చునే లోహపు అంచు వంగింది. అటూ ఇటూ రెండే నట్లు. రెండు కొసలూ మరీ బిగిస్తే చెవులు కిందికి వంగి, నడుమ పైకి లేస్తుంది. చూడగానే నాకు ఒళ్ళు మండింది. "ఆ మెకానిక్ పనే ఇది. పద్దెనిమిది వందలు తీసుకుని బండిని పాడుచేసి పోయాడు" అన్నాను.

మామయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అతన్ని అనకమ్మా" అన్నారు. "అతను ఒక తిప్పు తిప్పి ఉంటాడు. అంతకుముందు సంక్రాంతికి కార్బరేటర్ శుభ్రం చేసి బిగించింది నేను. స్పానర్ చేతిలో నిలవలేదు. ఎంత బిగించానో తెలియలేదు. వదులుగా ఉండిపోతుందేమోనని భయమేసి, రెండు చేతులతో పట్టుకుని, బలమంతా పెట్టి తిప్పాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చెప్పాను, నట్టుని మెడ పిసికినట్టు బిగించొద్దురా అని."

నాకు అప్పుడర్థమైంది. బండికి ఏమయిందో ఆయనకి మొదటిరోజే అనుమానం. కొడుకుతో చెబితే, "చూశారా, ఇక మీరు బండి ముట్టుకోవద్దు" అంటాడు. తుక్కుకి ఇచ్చేద్దామన్నప్పుడు నోరెత్తకపోవడం కూడా అందుకే. పక్కగదిలో నా మాట ఆయనకి వినపడిందని తెలిసి కూడా నా దగ్గరికే వచ్చారు. నేను తలొంచుకుని ఆ ఎండిపోయిన ప్యాకింగ్ గీకుతూ కూర్చున్నాను.

పాత ఫొటోఫ్రేము అద్దం తీసి బల్ల మీద పరిచి, దాని మీద ఎమరీ పేపరు పెట్టాం. వంగిన అంచు మీద పెన్సిల్‌తో గీతలు గీసి, దాన్ని ఎనిమిది అంకె దిద్దినట్టు రుద్దాలి. మొదట కొసల దగ్గర గీతలు చెరుగుతాయి, నడుమ ఉండిపోతాయి. అన్నిచోట్లా చెరిగిపోతే అంచు సమమైనట్టు. రెండు మధ్యాహ్నాలు రుద్దాను. టీవీలో సీరియల్ ఏమయిందో తెలియదు. ప్యాకింగ్ నేనే కత్తిరించాను. అది నాకు కొత్త కాదు, జాకెట్టు మెడ కత్తిరించడమే. బిగించేటప్పుడు ఈ పక్క ఒక పావు తిప్పు, ఆ పక్క ఒక పావు తిప్పు. ఆయన కుర్చీలోంచి చూస్తూ "ఇంకాస్త... ఇంకాస్త... చాలు" అన్నారు. "ఇంతేనా?" అన్నాను. వదులుగా అనిపించింది. "ఇంతే" అన్నారు.

ఆ సాయంత్రం మావారు వచ్చేసరికి బండి స్టార్ట్ చేసే ఉంది. బానెట్ తెరిచి, గాలి డబ్బా మీద స్టీలు గ్లాసుతో నీళ్ళు పెట్టారు మామయ్యగారు. నీళ్ళ మీద సన్నని వలయాలు తప్ప ఒక్క బొట్టు ఒలకలేదు. మావారు బ్యాగు భుజాన అలాగే ఉంచుకుని చాలాసేపు నిలబడ్డారు. "ఏ మెకానిక్?" అన్నారు చివరికి.

"నీ భార్య" అన్నారు మామయ్యగారు. తర్వాత తాళంచెవి తీసి, మావారికి కాదు, నా చేతిలో పెట్టారు. "నేనిక నడపనురా. అమ్మాయి నేర్చుకుంటుంది."

ఎన్నాళ్ళుగానో మావారు చెప్పించలేని మాట అది. నేను కారు నేర్చుకుంటానని పెళ్ళయిన కొత్తలో అడిగితే "నీకెందుకే ఆ ట్రాఫిక్‌లో" అని తోసేసిన మాట కూడా మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది. ఆయన ఏమీ అనలేదు. తుక్కువాడికి ఫోన్ చేసి వద్దని చెప్పారు.

ఆనంద్‌బాగ్‌లో డ్రైవింగ్ స్కూల్లో చేరి, నలభై నాలుగేళ్ళ వయసులో, మా అమ్మాయి వయసు పిల్లల మధ్య నిలబడి లైసెన్సు తెచ్చుకున్నాను. స్టీరింగు పక్కన గేరున్న బండి మీద చెయ్యి కుదరడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఇంటిముందు గది వెయ్యలేదు. ఆ ఎనిమిది వేలు తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ చురుక్కుమంటుంది. ఫీజు కోసం నా గాజులు రెండు బ్యాంకులో పెట్టాం. పద్మిని రిజిస్ట్రేషన్ మాత్రం ఐదేళ్ళకోసారి పొడిగించుకుంటూ వస్తే 2029 దాకా ఉంది. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత. మామయ్యగారు ఈ రాత చదివించుకుని విన్నాకే మీ ముందు పెడుతున్నాను. సంక్రాంతి నాటి నట్టు సంగతి మావారికి కూడా ఇప్పుడే తెలియడం.

ఆదివారం పొద్దున్నే ఆయన్ని క్యాంపస్‌కి తీసుకెళతాను. 1939 నాటి ఆ ఆర్ట్స్ కాలేజీ భవనం ఎదురుగా కారు ఆపితే, దిగకుండా అద్దం దించుకుని కాసేపు చూస్తారు. తర్వాత ఇంజనీరింగ్ కాలేజీ వైపు ఒక చుట్టు. పోయిన వారం తిరిగి వస్తుంటే తార్నాక దగ్గర ట్రాఫిక్ ఆగింది. ముందు బస్సు, వెనక బస్సు. పాత భయం కొద్దీ నా కాలు యాక్సిలరేటర్ మీదికి పోబోయింది. "ఏమీ వద్దు, వదిలెయ్" అన్నారు. వదిలేశాను. ఆయన చెయ్యి డాష్‌బోర్డు మీద ఉంది. చెయ్యి వణుకుతూనే ఉంది. దాని కింద బండి మాత్రం కుదురుగా తిరుగుతోంది. ఇద్దరం అది వింటూ కూర్చున్నాం.

ముందు బస్సు కదిలింది.

"పోనీ అమ్మాయ్" అన్నారు.